ఇస్త్రీపెట్టె కింద పోయిన పిన్ని

రండి, రండి. ఇంకొంచెం దగ్గరికి జరగండి, కాళ్లు ముడుచుకోండి, వెనకవాళ్లకి చోటివ్వండి. ఆ మూల గుసగుసలాడుతున్న జంటా, మిమ్మల్నే! మీ గొడవ ఎక్కడికీ పోదు, కథ అయ్యాక మళ్లీ అక్కణ్ణించే మొదలెట్టుకోండి. తుమ్మేవాళ్లు ఇప్పుడే తుమ్మేయండి. తుమ్మడం అయిపోయాక నోటికి తాళం వేసుకోండి. తాళంచెవి పోతుందని భయం వద్దు, ఈ కథలో తాళంచెవులు చేసేవాడే హీరో.

హీరో అని నేననలేదు. ఆయనే అనుకుంటాడు.

రేవుకి పోయే వీధి మలుపులో ఆయన కొట్టు. కొట్టంటే ఎంత? ఆయన లోపలికి వెళ్తే గాలి బయటికి రావాలి, అంత. కానీ బోర్డు మాత్రం పక్క రెండు ఇళ్ల మీదికి కూడా పాకింది. "ఇచ్చట తాళాలు తెరవబడును. మారు తాళంచెవులు చేయబడును. మహా మహా మిస్టరీలు ఛేదించబడును. సైకిళ్లకు గాలి కూడా కొట్టబడును." ఊరంతా ఆయన్ని తాళంకప్ప అంటారు. డిటెక్టివ్ తాళంకప్ప అంటేనే ఆయన పలుకుతాడు.

ఆ కొట్టు నీడలోనే ఇస్త్రీ బాబాయి బండి. ఇద్దరూ చిన్నప్పటి నేస్తాలు. బాబాయి ఎంత ఓర్పు గల మనిషంటే, చొక్కా మీద ముడత పోకపోతే ముడతకే సారీ చెబుతాడు. అలాంటివాడు కాబట్టే ఇన్నేళ్లుగా తాళంకప్ప పక్కన నిలబడగలిగాడు.

ఆ పొద్దున బాబాయి బొగ్గులు రాజేస్తుంటే తాళంకప్ప భూతద్దం కంటికి పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఒరేయ్ ఇస్త్రీ! విను, మళ్లీ మళ్లీ చెప్పను. ఈ ప్రపంచంలో మెదళ్లు రెండు రకాలు. ఒకటి నాది. రెండోది మిగతావాళ్లందరిదీ కలిపి."

"నిన్నా ఇదే చెప్పావురా."

"నిన్న చెప్పింది ప్రకటన. ఇవాళ చెప్పేది హెచ్చరిక. ఈ వీధిలో ఏదో ఘోరం జరగబోతోంది. నెత్తురు వాసన వస్తోంది."

"అది నీ వేలు తెగిన వాసన. ఆకురాయి మీద చూసుకోకుండా రుద్దావు."

తాళంకప్ప వేలు చూసుకున్నాడు. తెగింది. "చూశావా, నేరం జరగకముందే ఆధారం దొరికింది!" అన్నాడు.

మనవాడి డిటెక్టివ్ అనుభవం తక్కువేం కాదు. ఇంతకుముందు ఒక పిల్లి మాయమైన కేసు పట్టాడు. పిల్లిని వెంటాడుతూ ఊరంతా తిరిగాడు. పిల్లే తన వెనకాల వస్తోందని ఊళ్లో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

బాబాయికి మాత్రం ఆ పొద్దున ఏ ఘోరమూ కనపడలేదు. గుండె నిండా పండగలా ఉంది. ఎందుకంటే ఆయన భార్య, అదే, మన పిన్ని, ఆ రోజే సరంగు కాబోతోంది. సరంగంటే లాంచీ నడిపేవాళ్లు. నది మీద ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే లాంచీలో పిన్ని ఏళ్ల తరబడి నేల కడిగింది, తాడు కట్టింది, వాంతి చేసుకున్నవాళ్లకి నీళ్లిచ్చింది. తీరిక దొరికినప్పుడల్లా చక్రం పట్టిన సరంగు చేతులే చూస్తూ నేర్చుకుంది. పడవల బడికి వెళ్లి పరీక్ష కూడా పాసయింది. మధ్యాహ్నం లాంచీ ఆవిడే నడపాలి.

అందుకని బాబాయి ఆవిడ యూనిఫాం చొక్కాని ప్రాణం పెట్టి ఇస్త్రీ చేశాడు. మడత మీద వేలు పెడితే వేలు తెగాలి. జేబు దగ్గర మాత్రం ఏదో కొంచెం ఎత్తుగా తగిలింది. మొండి ముడత అనుకున్నాడు. పెట్టెలో ఇంకాసిన్ని బొగ్గులు వేసి, మోచేతులు ఆనించి, మొత్తం బరువు మోపి నొక్కాడు. ముడత లొంగింది. చిటపటమంది, కొంచెం పొగ కూడా వచ్చింది. పట్టుదలంటే అలా ఉండాలనుకున్నాడు.

అప్పుడే పిన్ని వచ్చింది.

"ఏవండీ, నా చొక్కా జేబులో ఫోనుందా?"

బాబాయి చొక్కా ఎత్తాడు. జేబులోంచి నల్లటి బిళ్ల ఒకటి జారి బండి మీద పడింది. దాన్ని చూసి ఫోనని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

పిన్ని అరవలేదు. అరిచినా బాగుండేది. బండి పక్కన రాయి మీద మెల్లగా కూర్చుని, "నేను పోయానండీ" అంది.

తాళంకప్ప కొట్టులోంచి ఎగిరి గంతేశాడు. "ఎవరు పోయారు? ఎప్పుడు? శవమెక్కడ?"

"ఇదిగో" అని బాబాయి బిళ్ల చూపించాడు.

ఇప్పుడు ఈ ఫోన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, అంతకంటే నాకూ తెలీదు. పూర్వం మనం ఎవరమో మనకి తెలిస్తే సరిపోయేది కాదు, ఆఫీసు బీరువాకి తెలియాలి. బీరువా తాళం గుమస్తా దగ్గర. గుమస్తా భోజనానికి. ఇప్పుడలా కాదు, ఫోన్‌లో గుర్తింపు పర్సని ఒకటొచ్చింది. పడవల బడివాళ్లు "ఈవిడ లాంచీ నడపగలదు" అని తమ ముద్ర కొట్టి కార్డిస్తారు. అది పిన్ని పర్సులో ఉంటుంది. రేవు ఆఫీసువాళ్లు అడిగితే ఆవిడే తీసి చూపిస్తుంది. ముద్ర అసలుదా కాదా అని వాళ్లు అక్కడికక్కడే యంత్రం పెట్టి చూసుకుంటారు. మధ్యలో ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు, ఎవరి భోజనం కోసమూ ఆగక్కర్లేదు. ముద్ర వాళ్లది, జేబు మనది.

బాగుంది కదా? ఇక్కడే ఉంది కిటుకు. ఆ పర్సు తాళంచెవి కూడా మన ఒక్కరి దగ్గరే. అది పోతే ఏ ఆఫీసులోనూ మారు తాళంచెవి ఉండదు.

తాళంకప్ప ఈ మాట వినగానే మండిపడ్డాడు. "మారు తాళంచెవి లేని తాళమా? నా జీవితంలో వినలేదు! అది పచ్చి మోసం!"

"మోసం కాదన్నయ్యా" అంది పిన్ని. "అందుకే ముందే నలుగుర్ని సాక్షులుగా పెట్టుకోమంటారు. ఫోను పోతే కొత్త ఫోన్లోంచి ఆ నలుగురికీ కబురు పంపాలి. 'ఔను, ఈవిడ ఆవిడే' అని నలుగురిలో ముగ్గురన్నారా, పర్సు మళ్లీ తెరుచుకుంటుంది, కార్డులన్నీ తిరిగొస్తాయి."

"ఎవరెవర్ని పెట్టావమ్మా?" అన్నాడు బాబాయి.

"మిమ్మల్ని. అత్తయ్యని. మా అక్కని. టీకొట్టు వదినని."

"మీ అక్క కొండల మీద ఉంది కదే, ఫోను పనిచెయ్యదన్నావు."

"అదే కదండీ. మిగిలిన ముగ్గురూ ఔననాల్సిందే."

"ఆఁ, మనవాళ్లేగా, అంటారులే" అని బాబాయి ఇంట్లో మూలపడి ఉన్న పాత ఫోను పరుగున తెచ్చాడు. పిన్ని అందులో ఖాళీ పర్సు పెట్టి, ఒక్కొక్కరికీ కబురు రాసింది. తొందరలో పేరూ ఊరూ ఏమీ రాయలేదు. మొగుడికి "ఏవండీ, నేనే" అని. అత్తగారికి "అత్తయ్యా, నేనే" అని. టీకొట్టు వదినకి "వదినా, నేనే" అని. పంపు అని నొక్కింది.

ట్రింగ్! బాబాయి ఫోను మోగింది. "మీకు తెలిసిన మనిషేనా? ఐతే ఔను మీద వేలు గట్టిగా నొక్కి పట్టుకోండి. కాకపోతే కాదు అన్నదాన్ని ముట్టుకోండి." ఔననడానికి ఎందుకంత కష్టమంటే, పొరపాటున వేలు తగిలి ఎవరూ ఎవర్నీ ఔననేయకూడదని. బాబాయి ఇస్త్రీపెట్టె నొక్కినట్టు నొక్కాడు. ఔను వెళ్లింది.

ట్రింగ్! తాళంకప్ప జేబు కూడా మోగింది.

ఆయన గిరుక్కున గోడవైపు తిరిగి, ఫోను భూతద్దం కింద పెట్టి చదివాడు. మొహం పాలిపోయింది. ఎవరో ఏమిటో లేదు. "వదినా, నేనే" అని మాత్రం ఉంది.

"వదినా!" అని గొణుక్కున్నాడు. "నన్నా? అంటే శత్రువుకి తెలిసిపోయింది. పోయిన కేసులో నేను చీర కట్టుకుని మారువేషం వేశానని ముఠాకి తెలిసిపోయింది!" టక్కున "కాదు" ముట్టుకుని, ఫోను జేబులో తోసేశాడు.

ఆ ఫోను ఆయన ఈమధ్యే చౌకగా కొన్నాడు. దాని వెనక టీ మరకలు ఇంకా పోలేదు. వాసన కూడా.

పిన్ని ఫోన్లో మాట పడింది. "ఒకరు ఔనన్నారు. ఒకరు కాదన్నారు." పేర్లుండవు. సాక్షులెవరో దొంగకి తెలిస్తే వాళ్ల గొంతు మీద కూర్చుంటాడని, పేర్లు చూపించరు.

"కాదన్నారా?" పిన్ని ఫోను బాబాయి మొహం ముందు పెట్టింది. "నన్ను నేను కాదన్నవాళ్లెవరండీ?"

"చెల్లెమ్మా, కంగారుపడకు" అని తాళంకప్ప ఛాతీ విరిచాడు. "ఈ కేసు నేను తీసుకుంటున్నాను. ఇది మామూలు నేరం కాదు. మనిషిని చంపకుండానే మనిషి పోయేలా చేసే మహా కుట్ర. నీ చుట్టూ ఉన్న ముగ్గురిలో ఒక విషసర్పం ఉంది."

"మధ్యాహ్నం లాంచీ బయల్దేరేలోపు కార్డు చూపించకపోతే, ఆ పని వరసలో నా తర్వాతున్న మీసాలాయనకి వెళ్లిపోతుందన్నయ్యా. ఆయన పొద్దున్నే వచ్చి రేవులో కూర్చున్నాడట."

"మీసాలాయనా? ఐతే విషసర్పాలు రెండు!"

*

ముందు అత్తగారింటికి. అంటే బాబాయి ఇంటికే. అత్తగారంటే బాబాయి కన్నతల్లి. ఆవిణ్ణి ముసలమ్మ, పెద్దావిడ, బామ్మ అని ఎవరన్నా అన్నారో, చేతిలో ఉన్నది విసురుతుంది. ఆ వీధిలో ఆవిడ వయసెంతో ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్లు బతికిలేరు.

తాళంకప్ప గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా! నిజం చెప్పండి" అన్నాడు.

పౌడర్ డబ్బా వచ్చి భుజానికి తగిలింది. "పెద్ద ఎవర్రా? నీకంటే నేను పెద్దా?"

"పెద్ద కాదు, పొరపాటు. చిన్నమ్మా! కోడలు కార్డు కాదన్నది మీరేనా?"

"నేనింకా ఆ ఫోన్ తెరవందే!" అంది అత్తగారు. మొహం సగం తెల్లగా, సగం మామూలుగా ఉంది. "అది నా మొహం చూపించమంటోంది. పౌడర్ రాసుకోకుండా ఎలా చూపించను? ఒక పక్క అయింది, ఇంతలో మీరొచ్చారు."

"అమ్మా, దానికి నీ మొహం ఎవరిదో తెలిస్తే చాలు, అందంతో పనిలేదు" అన్నాడు బాబాయి.

"నీ పెళ్లిచూపుల్లో నువ్వూ ఇదే మాటన్నావు. ఉండు." రెండో పక్క కూడా పూర్తి చేసి, కాటుక దిద్దుకుని, ఫోన్ ముందు తల పక్కకి వంచి నవ్వింది. ఆ తర్వాత ఔను మీద బొటనవేలు అదిమి పట్టి, "కోడలు మంచిదే, ఉప్పే తక్కువేస్తుంది" అని ఫోన్‌కి చెప్పింది. ఔను వెళ్లింది.

పిన్ని మొహం వికసించింది. "ఇద్దరైపోయారు!" అంది. కానీ ఆ వెంటే వాడిపోయింది. "ఐతే... కాదన్నది టీకొట్టు వదినా?"

"నాకు ముందే తెలుసు" అన్నాడు తాళంకప్ప. భుజం మీద పౌడర్ దులుపుకుంటూ, దాన్ని భూతద్దంతో చూసి, "తెల్లటి పొడి! అనుమానాస్పదం!" అని ఆధారాల డబ్బాలో వేసుకున్నాడు.

*

టీకొట్టు వదిన, పిన్ని అంటే ఒకే కంచంలో తినే స్నేహం. వదిన గిన్నెలో పాలు పోస్తూ పిన్నిని చూసి, "సరంగమ్మా! రా రా. ఇవాళ నీకు టీ ఫ్రీ" అంది.

తాళంకప్ప స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. స్టూలుకి మూడే కాళ్లు. కింద పడి, లేచి, ఏమీ జరగనట్టు అడిగాడు. "చెప్పు వదినా. ఆమెని ఎందుకు కాదన్నావు?"

"ఎవర్ని?"

"నటించకు. నీ కళ్లు చెబుతున్నాయి."

"నా కళ్లు పొగకి మండుతున్నాయి. ఏంటమ్మా ఈయన గోల?"

పిన్ని సంగతి చెప్పింది. వదిన తన కొత్త ఫోను తీసి ఇటు తిప్పి అటు తిప్పి చూపించింది. పెద్ద ఫోను, పలకంత ఉంది. "నాకేమీ రాలేదమ్మా. వస్తే నొక్కనా? ఇదిగో, నువ్వే చూడు."

"ఐతే ఇప్పుడు మళ్లీ పంపుతా, చూద్దాం" అంది పిన్ని. పంపు నొక్కింది.

వదిన ఫోను నోరు మెదపలేదు.

ట్రింగ్! అంది తాళంకప్ప జేబు.

బాబాయి తల గోక్కున్నాడు. "అదేంట్రా, మా ఆవిడ నొక్కినప్పుడల్లా నీ జేబు అరుస్తోంది?"

"అందుకేరా నిన్ను అసిస్టెంట్‌గానే ఉంచాను" అన్నాడు తాళంకప్ప జాలిగా. "దాన్ని యాదృచ్ఛికం అంటారు. నా మీద ముఠా నిఘా పెట్టింది. నేను కదిలినప్పుడల్లా వాళ్లు కదులుతారు."

"ఏదీ, చూపించు."

"డిటెక్టివ్ ఫోన్లోకి తొంగిచూడ్డం, దేశద్రోహం రెండూ ఒకటే." అటు తిరిగాడు. మళ్లీ "వదినా, నేనే". మళ్లీ టక్కున "కాదు".

బాబాయికి ఇంకా ఏదో అడగాలనిపించింది. కానీ నల్లబిళ్ల జేబులో బరువుగా తగులుతోంది. ఫోను కాల్చినవాడికి ప్రశ్నలడిగే హక్కేముందిలే అని ఊరుకున్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవాలి కదా, మన తాళంకప్ప ఊళ్లోవాళ్లందరి భుజాలూ తడిమాడు, తన రెండూ తప్ప.

పిన్ని ఫోన్లో ఎర్ర అక్షరాలు వచ్చాయి. "మళ్లీ కాదన్నారు. ఇంకొక్కసారి కాదంటే, మీ భద్రత కోసం రేపటిదాకా తలుపు మూసేస్తాం."

పిన్ని తల ఎత్తి వదినని చూసింది. ఆ చూపుకి పాలు విరిగిపోవాలి.

"నా ఎదురుగానే కాదంటావా వదినా? ఇన్నేళ్లు ఆ లాంచీ నేల కడిగాను. ఇవాళ చక్రం పట్టుకుంటానంటే నీకు కంటగింపా?"

"ఒట్టు! నా చేతిలో గరిటె తప్ప ఏమీ లేదు, కళ్లతో చూశావుగా!"

"ఫోన్‌కి ఎన్ని వేషాలుంటాయో నాకేం తెలుసు?"

"ఓహో, అంతదాకా వచ్చిందా? ఐతే టీ ఫ్రీ కాదు!"

"తాగితే కదా!"

ఇద్దరు స్నేహితులూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా చెరోవైపు తిరిగారు. బాబాయి మధ్యలో నిలబడి ఇద్దరికీ సారీ చెప్పాడు, పొయ్యికి కూడా.

"అద్భుతం" అన్నాడు తాళంకప్ప. "కేసు ముదురుతోంది. అందరూ రేవుకి పదండి. అసలు దొంగని అక్కడ, జనం మధ్య బయటపెడతాను!"

*

రేవులో లాంచీ సిద్ధంగా ఉంది. ఒడ్డు నించి లాంచీకి సన్నటి చెక్క బల్ల వేసి ఉంది, పక్కన పట్టుకోవడానికి తాడు. కౌంటర్ ముందు జనం. బెంచీ మీద మీసాలాయన చిన్న దువ్వెనతో మీసం దువ్వుకుంటున్నాడు. కుడివైపు పూర్తయింది, ఎడమవైపు నడుస్తోంది.

అత్తగారు కూడా వచ్చింది, కోడలు లాంచీ నడుపుతుంటే ముందు సీట్లో కూర్చోవాలని. అరవై దాటినవాళ్లకి అర టిక్కెట్టు. ఆవిడ తన ఫోను యంత్రానికి చూపించింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. "అరవై దాటింది" అని మాత్రం పడింది.

వెనక నిలబడ్డ గొడుగాయన తొంగి చూశాడు. "ఎంత దాటిందమ్మా?"

"అది యంత్రానికే చెప్పలేదు, నీకు చెబుతానా?" అంది అత్తగారు. "ఎంత అడిగితే అంతే చూపించాలి. మిగతాది కప్పుకోవాలి. అదే ఈ పర్సులో గొప్ప."

"అబ్బో" అని గొడుగాయన నోరు తెరిచాడు. ఆ మాట ఆయన మనసులో చాలా లోతుగా దిగిపోయింది. గుర్తుపెట్టుకోండి.

పిన్ని రేవు ఆఫీసరు ముందు నిలబడింది. యూనిఫాం చొక్కా తళతళలాడుతోంది, జేబు దగ్గర మాత్రం ఫోను ఆకారంలో గోధుమరంగు మచ్చ.

"సార్, మీకు నేను తెలుసు కదా. ఏళ్ల నించి చూస్తున్నారు."

"నువ్వు నువ్వేనని నాకు తెలుసమ్మా" అన్నాడు ఆఫీసరు, నిజంగానే బాధగా. "నువ్వు సరంగువని ఈ యంత్రానికి తెలియాలి. మా దగ్గర నీ కార్డు కాపీ ఉండదు. పడవల బడి సెలవుల్లో ఉంది. జనం ప్రాణాలు నీ చేతిలో పెట్టాలి, మొహమాటంతో పెట్టలేను కదా."

"ఆఖరిసారి ప్రయత్నిస్తాను సార్."

"కానియ్యి. హారన్ కొట్టేదాకా ఆగుతాను."

బాబాయి భార్య పక్కన నిలబడ్డాడు. "ఇదిగో... తప్పు నాదే. ముడత అనుకున్నాను."

"నాకోసమే కదండీ నొక్కారు" అంది పిన్ని. ఆ మాటకి బాబాయికి ఏడుపొచ్చినంత పనైంది.

టీకొట్టు వదిన కూడా వచ్చి దూరంగా స్తంభం పక్కన నిలబడింది. కోపంగానే వచ్చింది. కానీ వచ్చింది. ఫోను అరచేతిలో పట్టుకుని, ఈసారైనా మోగమని దాన్ని బతిమాలుతోంది.

సరిగ్గా అప్పుడు తాళంకప్ప చెక్క బల్ల మీదికెక్కాడు. అందరికంటే ఎత్తున ఉంటే తప్ప రహస్యం చెప్పడం ఆయనకి చేతకాదు.

"మహాజనులారా! నేరస్థుడు ఇక్కడే ఉన్నాడు! ఈ రేవులోనే! మన గాలే పీలుస్తున్నాడు!"

జనమంతా పక్కవాళ్ల నించి కాస్త దూరం జరిగారు. మీసాలాయన ఎడమ మీసం సగంలో ఆపాడు.

"ఒక అమాయకురాలి గుర్తింపుని రెండుసార్లు పొడిచాడు! ఎవడు వాడు?" అంటూ తాళంకప్ప ఒక్కొక్క మొహానికీ భూతద్దం పెడుతూ బల్ల మీద వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఆ అద్దంలోంచి చూస్తే అందరి ముక్కులూ నేరస్థుల ముక్కుల్లాగే ఉన్నాయి.

పిన్ని కళ్లు మూసుకుని పంపు నొక్కింది.

ట్రింగ్!

"ఇదిగో!" తాళంకప్ప భూతద్దం జేబులో వేసి, ఫోను పైకెత్తాడు. "ఇప్పుడే మళ్లీ పంపాడు! ముఠా నాయకుడు! చూడండి, వాడి మొహం మీద కాదని ఎలా కొడతానో..."

ఇంకో అడుగు వెనక్కి వేశాడు. అక్కడ బల్ల లేదు.

పడ్డాడా? పూర్తిగా పడలేదు. ఎడమచెయ్యి తాడు దొరకబుచ్చుకుంది. తాడుకి ఉతికి ఆరేసిన లుంగీలా వేలాడుతున్నాడు. కింద నది. కుడిచేతిలో ఫోను.

"ఫోను వదిలెయ్యి! రెండో చేత్తో కూడా తాడు పట్టుకో!" అని జనం అరిచారు.

"వదలను! ఆధారం! ఆధారాన్ని ప్రాణం పోయినా వదలను!" అని తాళంకప్ప కూడా అరిచాడు. భయంతో ఫోనుని పిండేస్తున్నాడు. బొటనవేలు తెల్లబడిపోయింది. జీవితంలో ఏ తాళాన్నీ ఆయన అంత గట్టిగా పట్టుకోలేదు.

ఆ బొటనవేలు ఎక్కడుందో తెలుసా? ఔను మీద.

పొరపాటున ఎవరూ ఔననకూడదని, చదువుకున్నవాళ్లు కూర్చుని ఆలోచించి, నొక్కి పట్టుకోవాలని పెట్టారు కదా. పాపం వాళ్లు అన్ని పొరపాట్లూ ఊహించారు. తాడుకి వేలాడే డిటెక్టివ్‌ని ఊహించలేదు.

టింగ్! పిన్ని ఫోను పాడింది. "ముగ్గురు ఔనన్నారు. మీరు మీరే." పడవల బడి కార్డు, కంటిచూపు పరీక్ష కార్డు, మిగతావన్నీ గూటికి చేరిన పిట్టల్లా టపటపా వచ్చి వాలాయి.

"వచ్చేశాను!" అని పిన్ని కేక పెట్టింది. "ఏవండీ, నేను వచ్చేశాను!"

ఫోను యంత్రానికి చూపించింది. ఆకుపచ్చ దీపం. "లాంచీ నడపవచ్చు." ఆఫీసరు నవ్వి చెయ్యి కలిపాడు. మీసాలాయన లేచి నిలబడి, "నాకు నీళ్లంటే కొంచెం భయమేలెండి" అని, మిగిలిన మీసం దువ్వుకోవడంలో పడ్డాడు.

పిన్ని పరుగెత్తుకెళ్లి టీకొట్టు వదినని వాటేసుకుంది. "థాంక్స్ వదినా! ఎంతలేసి మాటలన్నాను!"

వదిన తెల్లమొహం వేసింది. "నేను నొక్కలేదే! నాకిప్పుడు కూడా ఏమీ రాలేదు..." అంటూనే ఆవిడ చూపు తాడు మీదికి పోయింది. తాడుకి వేలాడుతున్న చేతి మీదికి. ఆ చేతిలో ఫోను మీదికి. దాని వెనక గుండ్రటి టీ మరక మీదికి. "ఓరి దేవుడా! అది నా పాత ఫోను! ఈయనకి నేనే అమ్మాను. ఫోటోలు తీసేసుకుని, మిగతావి అలాగే ఇచ్చేశాను. నువ్వు నన్ను సాక్షిగా పెట్టింది ఆ ఫోన్లోనే కదే!"

అందరూ ఒక్కసారి తాడువైపు తిరిగారు.

"అంటే" అన్నాడు బాబాయి, తన జీవితంలో మొదటిసారి గొంతు పెంచి, "మా ఆవిణ్ణి రెండుసార్లు కాదన్నది నువ్వేరా తాళంకప్పా!"

తాడు మీద తాళంకప్ప ఆలోచించాడు. ఆ మొహంలో ఎన్నో రంగులు మారాయి. చివరికి గర్వం అనే రంగు దగ్గర ఆగింది.

"నేను చెప్పలేదూ?" అన్నాడు. "నేరస్థుడు ఈ రేవులోనే ఉన్నాడని చెప్పలేదూ? నా అంచనా ఎప్పుడన్నా తప్పిందా?"

ఆ మాట దర్జాగా అనడానికి ఛాతీ విరిచాడు. ఛాతీ విరిస్తే చెయ్యి జారుతుంది. బుడుంగ్!

"ఈత వచ్చా అన్నయ్యకి?" అని పిన్ని అడిగింది.

"తాళం తీయడం తప్ప ఏదీ రాదు" అన్నాడు బాబాయి.

పిన్ని అప్పటికే లాంచీలో ఉంది. చక్రం పక్కన ఉన్న పొడుగాటి కొక్కెం కర్ర తీసింది. ఎన్నోసార్లు నీళ్లలో పడ్డ చెప్పులు, సంచులు, ఒకసారి ఒక మేకపిల్లని తీసిన కర్ర అది. తాళంకప్ప కాలరుకి తగిలించి, ఒక్క లాగు లాగింది. సరంగుగా ఆవిడ దాటించిన మొదటి ప్రయాణికుడు అలా, నోట్లోంచి నీళ్లు చిమ్ముతూ, లాంచీ నేల మీద పడ్డాడు. ఆ నేల ఎవరు కడిగిందో మీకు తెలుసు. అద్దంలా ఉంది.

ఫోను మాత్రం ఇంకా చేతిలోనే ఉంది. బొటనవేలు ఇంకా అదే చోట ఉంది. బాబాయి ఒక్కొక్క వేలూ విడదీశాడు.

"కేసు... పూర్తి" అన్నాడు తాళంకప్ప దగ్గుతూ. "అంతా నా పథకం ప్రకారమే. కావాలనే పడ్డాను. ఎందుకు పడ్డానో చెబితే మీ బుర్రలకి ఎక్కదు."

"టీ తాగుతావా?" అంది ఫ్లాస్కుతో లాంచీ ఎక్కిన వదిన.

"ఫ్రీయేనా?"

"నీకు కాదు."

పిన్ని ఒక చేత్తో చొక్కా సర్దుకుని చక్రం ముందు నిలబడింది. జేబు దగ్గర మచ్చ కనిపిస్తోంది. దాన్ని చెయ్యి పెట్టి కప్పుకోలేదు. బాబాయి ఆవిడ వెనక నిలబడ్డాడు. అత్తగారు ముందు సీట్లో కూర్చుని, పౌడర్ ఇంకోసారి అద్దుకుంది. హారన్ మోగింది. లాంచీ ఒడ్డు వదిలింది, ఎంత నెమ్మదిగా అంటే, కప్పులో టీ తొణకలేదు.

లాంచీలో అందరూ తడిసి ముద్దయిన తాళంకప్ప చుట్టూ మూగారు. ఒకళ్లు తువ్వాలిచ్చారు, ఒకళ్లు బుద్ధి చెప్పారు. గొడుగాయన మాత్రం చాలాసేపు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆయన్నే పైనించి కిందికి చూశాడు. చూసి చూసి, పక్కనున్న అత్తగారివైపు వంగి, ఎంతో బాధగా అన్నాడు:

"అదే నాకు అర్థం కావట్లేదమ్మా. ఈత రాదని రుజువు చెయ్యడానికి అంత పూర్తిగా మునగడం ఎందుకు? మోకాళ్లదాకా చూపిస్తే సరిపోయేదిగా!"